ఉత్తర ఇశ్రాయేలు ముందే ఎందుకు కూలింది? చిన్న యూదా ఇంకో దాదాపు 135 ఏళ్ళు ఎలా నిలిచింది?

ప్రశ్న అడిగినవారు సండే స్కూల్లో పెద్దపిల్లలకు రాజుల గ్రంథాలు చెబుతున్నారట. వారి సందేహం క్లుప్తంగా ఇది. సొలొమోను తర్వాత రాజ్యం ఉత్తరాన ఇశ్రాయేలు, దక్షిణాన యూదా అని చీలింది. పది గోత్రాలు, మంచి భూములు, పెద్ద సైన్యం అన్నీ ఉత్తరానికి పోయాయి. యూదాకు దక్కింది కొండలూ ఎడారీ. అయినా ఉత్తర రాజధాని షోమ్రోను క్రీ.పూ. 722లో పడిపోతే యూదా రాజధాని యెరూషలేము 586 దాకా నిలబడింది. విగ్రహారాధనే కారణమనుకుందామంటే అది యూదాలోనూ ఉంది కదా, మరి తేడా ఎక్కడ వచ్చింది? ఆ పది గోత్రాల వాళ్ళు చివరికి ఏమయ్యారు?

నేను వేదాంత కళాశాలలో పాత నిబంధన చరిత్ర, భూగోళం చాలా ఏళ్ళు చెప్పాను. యాత్రికుల బృందాలకు స్థలాలు వివరించడానికి ఇశ్రాయేలు దేశం వెళ్ళొస్తుంటాను కూడా. ఈ ప్రశ్న దాదాపు ప్రతి బ్యాచిలోనూ ఎవరో ఒకరు అడిగేవారు. కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తాను, ఓపిక పట్టండి.

సూటి జవాబు: ఉత్తర రాజ్యం ప్రపంచం నడిచే దారి మీద ఉంది. యూదా ఆ దారికి పక్కన, కొండల మీద ఉంది. దారి మీద ఉండటం వల్లే ఉత్తరానికి డబ్బు వచ్చింది, అదే దారిన అష్షూరు (అస్సీరియా) సైన్యమూ వచ్చింది. దీనికి రెండు రాజకీయ కారణాలు తోడయ్యాయి. ఉత్తరాన సింహాసనం కోసం హత్యలు జరుగుతూనే ఉన్నాయి. యూదాలో దావీదు వంశం ఒక్కటే చివరిదాకా సాగింది. పైగా యూదా రాజులు కీలకమైన సమయాల్లో తల వంచి, కప్పం కట్టి, గండం గట్టెక్కారు.

ఇక విగ్రహారాధన సంగతి. 2 రాజులు 17వ అధ్యాయం షోమ్రోను పతనానికి కారణం అదేనని స్పష్టంగా చెబుతుంది. అయితే అదే అధ్యాయం 19వ వచనం యూదావారు కూడా అలాగే నడిచారని చెబుతుంది. అంటే మీకొచ్చిన సందేహం ఆ గ్రంథకర్తకు తెలియనిది కాదు. ఆయన చెప్పేది దేవుని తీర్పు గురించి. మీరు అడిగేది ఒకటి ముందు, ఒకటి వెనక ఎందుకు కూలాయన్నదాని గురించి. పాస్టర్లు చెప్పే ఆ కారణానికీ నేను చెప్పబోయేదానికీ తగవు పెట్టనక్కర్లేదు.

సరే, మ్యాపు దగ్గరికి వద్దాం. నా తరగతిలో మొదటిరోజు పుస్తకం తెరవనిచ్చేవాణ్ణి కాదు. సుద్దముక్క ఇచ్చి నేల మీద ఆ దేశం గీయించేవాణ్ణి. మీ పిల్లల చేత కూడా గీయించండి. పడమర నుంచి తూర్పుకు నాలుగు నిలువు పట్టీలు వస్తాయి. సముద్రం పక్కన తీర మైదానం. దాని తర్వాత ఉత్తర దక్షిణాలుగా సాగే కొండసీమ. ఆ తర్వాత ఒక్కసారిగా పాతాళంలోకి దిగినట్టుండే యొర్దాను లోయ. దాని అవతల గిలాదు, మోయాబు పీఠభూములు. యూదా కొండలకూ తీర మైదానానికీ మధ్య షెఫేలా అనే మెట్టల ప్రాంతం ఒకటి ఉంటుంది. దావీదు గొల్యాతు కథ జరిగిన ఏలా లోయ అక్కడిదే.

దాను నుంచి బెయేర్షెబా దాకా అంటే దేశం ఈ చివర నుంచి ఆ చివరకని బైబిలు వాడుక. ఆ దూరం సుమారు 240 కిలోమీటర్లు. హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్ళే దూరం కూడా లేదు. మా బృందంలో వచ్చిన పల్నాటి పెద్దాయన ఒకరు రెండోరోజు సాయంత్రానికే "ఇంతేనా అయ్యగారూ, ఈ కాస్త నేల కోసమా ఇన్ని యుద్ధాలు!" అన్నారు. కానీ ఆ కాస్త నేలలోనే ఎత్తుపల్లాలు విపరీతం. యెరూషలేము సముద్రమట్టానికి 750 మీటర్లకు పైన ఉంటుంది. మృత సముద్రం ఒడ్డు ఇప్పుడు సముద్రమట్టానికి 430 మీటర్లకు పైగా కింద ఉంది. అంటే నలభై కిలోమీటర్ల లోపు ప్రయాణంలో సుమారు 1,200 మీటర్లు దిగిపోతాం. బస్సులో అందరికీ చెవులు మూసుకుపోతాయి. యూదాకు తూర్పున గోడ కట్టాల్సిన పని ఎందుకు లేదో ఆ దిగుడు చూస్తే తెలుస్తుంది. నీళ్ళు లేని కొండలు, నిలువు లోయలు. ఏ సైన్యమూ అటునుంచి రావాలని కోరుకోదు.

ఇప్పుడు ఆ నిలువు పట్టీలకు అడ్డంగా ఒక గీత గీయండి. అదే యెజ్రెయేలు లోయ. కర్మెలు కొండ దగ్గర మొదలై బేత్షెయాను మీదుగా యొర్దాను వరకు వెళ్తుంది. కొండసీమను ఇంత వెడల్పుగా, చదునుగా కోసే లోయ ఆ దేశంలో ఇంకొకటి లేదు. ఐగుప్తు (ఈజిప్టు) నుంచి బయల్దేరిన వర్తకుడు గాజా మీదుగా తీరం వెంబడి పైకి వస్తాడు. కర్మెలు కొండ సముద్రంలోకి పొడుచుకొచ్చి దారికి అడ్డుపడుతుంది కాబట్టి కనుమ దాటి మెగిద్దో దగ్గర ఈ లోయలోకి దిగుతాడు. అక్కణ్ణుంచి గలిలయ సముద్రం, హాసోరు, దమస్కు, ఆపైన యూఫ్రటీసు. ఐగుప్తుకూ మెసొపొటేమియాకూ మధ్య సరుకైనా, సైన్యమైనా, రాయబారైనా నడిచే ముఖ్యమైన బాట ఇదే. క్రీ.పూ. 15వ శతాబ్దంలో ఫరో మూడో తుత్మోసు కనాను రాజుల కూటమిని ఓడించింది కూడా మెగిద్దోలోనే. ఇశ్రాయేలీయులకు రాజులనేవాళ్ళు రాకముందే ఆ చోటు కోసం రక్తం పారింది.

రాజ్యం చీలినప్పుడు మెగిద్దో, హాసోరు, బేత్షెయాను అన్నీ ఉత్తరానికే దక్కాయి. యొర్దాను అవతల దమస్కు నుంచి దక్షిణానికి దిగే రాజమార్గంలో మంచి భాగం కూడా వాళ్ళదే. యూదాకు దక్కింది కొండల శిఖరాల వెంట హెబ్రోను, బేత్లెహేము, యెరూషలేము కలుపుతూ పోయే ఒక్క బాట. అది ఊరికీ ఊరికీ మధ్య దారే తప్ప దేశాలను కలిపే దారి కాదు.

వానలూ అంతే. పై గలిలయలో ఏటా 700 మిల్లీమీటర్లు దాటుతుంది. యెరూషలేములో 550 దగ్గర పడుతుంది. బెయేర్షెబాకు వచ్చేసరికి 200 మిల్లీమీటర్లు కూడా గట్టిగా ఉండదు. కొండలు రెండు చోట్లా ఉన్నా, ఎఫ్రాయిము, మనష్షే కొండల మధ్య వెడల్పైన లోయలు, మంచి మట్టి ఉన్నాయి. గోధుమ, ఒలీవ, ద్రాక్ష బాగా పండుతాయి. యూదా కొండల్లో మెట్లు కట్టుకుని, రాళ్ళు ఏరుకుని, తొట్లలో వాననీళ్ళు దాచుకుని బతకాలి. జనాభాలో ఉత్తరం దక్షిణానికి సుమారు మూడింతలు ఉండేదని తవ్వకాలు, ఊళ్ళ సర్వేల మీద వేసిన ఒక అంచనా.

ఇక్కడ ఒమ్రీ గురించి ఆగి చెప్పాలి. ఈ రాజుకు మన సంఘాల్లో అన్యాయం జరిగిందని నా అభిప్రాయం. 1 రాజులు 16లో ఆయనకు దక్కింది కొన్ని వచనాలే. చెడ్డవాడు, షోమ్రోను కొండ కొన్నాడు, చచ్చిపోయాడు, అంతే. కానీ బయటి ఆధారాలు చూస్తే ఆ కాలపు ఇశ్రాయేలు రాజుల్లో పెద్ద తలకాయ ఆయనే. 1868లో దీబోనులో దొరికిన మోయాబు రాజు మేషా శిలాశాసనం, ఒమ్రీ మోయాబును చాలాకాలం అణచిపెట్టాడని వాపోతుంది. అష్షూరు వాళ్ళయితే ఆ రాజ్యాన్ని వందేళ్ళకు పైగా 'ఒమ్రీ ఇల్లు' అనే పిలిచారు. ఒమ్రీ వంశాన్ని ఊచకోత కోసి గద్దెనెక్కిన యెహూను కూడా అష్షూరు రాజు నిలిపిన నల్లరాతి స్తంభం మీద ఒమ్రీ కొడుకు అనే చెక్కారు! నీనెవె ప్రాంతపు అష్షూరు గుమాస్తాకు షోమ్రోనులో ఎవరు ఎవరిని చంపారో అక్కర్లేదు మరి.

ఒమ్రీ రాజధానిని మార్చిన తీరు చూస్తే భూగోళం ఎలా చదవాలో అర్థమవుతుంది. అంతకుముందు రాజధాని తిర్సా. అక్కడి లోయ తూర్పున యొర్దాను వైపు దిగుతుంది. ఒమ్రీ కొన్న షోమ్రోను కొండ పడమటికి తెరుచుకుని ఉంటుంది. గాలి తేటగా ఉన్న రోజున అక్కడి నుంచి మధ్యధరా సముద్రం కనిపిస్తుంది. యాత్రికులను అక్కడ నిలబెట్టి సముద్రాన్ని చూపించి, ఒమ్రీ కొడుకు అహాబుకు సీదోను రాజకుమారి యెజెబెలుతో పెళ్ళి ఎందుకు చేశారని అడుగుతాను. జవాబు ఎవరూ చెప్పనక్కర్లేదు, కళ్ళెదురుగానే ఉంటుంది. తూరు, సీదోను ఓడలవాళ్ళతో వియ్యమందితే నూనె, ద్రాక్షారసం సముద్రం మీదుగా బయటికి పోతాయి. షోమ్రోను తవ్వకాల్లో దంతపు పలకలు రాశులుగా దొరికాయి. నూనె, ద్రాక్షారసం ఏ ఊరినుంచి ఎవరి పేర వచ్చాయో సిరాతో రాసిన కుండపెంకులు 1910లో బయటపడ్డాయి. ఆమోసు ప్రవక్త దంతపు మంచాల మీద పడుకునేవాళ్ళను తిడతాడు చూడండి, అది ఊరికే అన్న మాట కాదు.

అహాబు బలం ఎంతటిదో శత్రువే రాసిపెట్టాడు. క్రీ.పూ. 853లో ఓరొంటీసు నది దగ్గర కర్కరు అనే చోట సిరియా, కనాను ప్రాంతాల రాజులు కలిసి అష్షూరు రాజు మూడో షల్మనేసెరును ఎదుర్కొన్నారు. ఆ శాసనంలో అహాబు పేరున 2,000 రథాలు, 10,000 మంది సైనికులు ఉన్నారు. రథాల లెక్క మరీ ఎక్కువని చాలామంది పండితులు అనుమానిస్తారు, నాకూ అలాగే అనిపిస్తుంది. కానీ కూటమిలో ముందు వరసలో చెప్పుకోదగ్గ రాజు అహాబు అన్నదాంట్లో సందేహం లేదు. ఆ జాబితాలో యూదా పేరే లేదు. ఈ యుద్ధం గురించి బైబిలులో ఒక్క మాట ఉండదు, అదొక విచిత్రం.

ఇక పతనం. పిల్లలు 722 అనగానే ఒక్కరోజులో అంతా కూలిపోయిందనుకుంటారు. ఉత్తర రాజ్యాన్ని అష్షూరు ముక్కలు ముక్కలుగా కోసుకుంది. క్రీ.పూ. 841లో యెహూ కప్పం కట్టాడు. అదే నల్లరాతి స్తంభం మీద అతని తరఫున ఒక మనిషి నేలకు వంగి మొక్కుతున్న బొమ్మ ఉంది, యెహూయే అని ఎక్కువమంది అంటారు. తర్వాత కొంతకాలం అష్షూరు తన ఇంటి గొడవల్లో పడింది. ఆ ఖాళీలో దమస్కు రాజు హజాయేలు గిలాదును నలిపేశాడు. అతని తర్వాత దమస్కు బలహీనపడ్డాక రెండో యరొబాము రాజ్యాన్ని మళ్ళీ విస్తరించాడు. క్రీ.పూ. 745లో అష్షూరులో తిగ్లత్పిలేసెరు గద్దెనెక్కాక ఆట మారిపోయింది. ఆయనకు కప్పం చాలలేదు, నేలే కావాలి. మధ్యధరా రేవులు, లెబానోను కలప, ఐగుప్తు బాట ఆయన లెక్కలో ఉన్నాయి. మ్యాపులో ఆ మూడింటికీ వెళ్ళే గీతలు గీస్తే ఎవరి పొలంలోంచి పోతాయో చూడండి.

ఉత్తర రాజు మెనహేము 1,000 టాలెంట్ల వెండి కట్టి కొన్నాళ్ళు ఆపాడు. మన తెలుగు బైబిలులో ఇది మణుగుల లెక్కలో ఉంటుంది. ఒక టాలెంటు సుమారు 30 కిలోలు వేసుకోండి. ఆ సొమ్ము ఆస్తిపరుల దగ్గర తలకు 50 షెకెళ్ళ చొప్పున వసూలు చేశాడు. తర్వాత రాజైన పెకహు తిరగబడితే 732 నాటికి గలిలయ, గిలాదు, మెగిద్దో అన్నీ పోయాయి. మెగిద్దో అష్షూరు పరగణాకు కేంద్రమైంది. చివరి రాజు హోషేయకు మిగిలింది షోమ్రోను చుట్టూ ఉన్న ఎఫ్రాయిము కొండలే. అతను ఐగుప్తును నమ్ముకుని కప్పం ఆపాడు. అంతే, ముట్టడి. పట్టణం పట్టుకున్నది అష్షూరు రాజుల్లో ఐదో షల్మనేసెరా, రెండో సర్గోనా అన్న చర్చ ఉంది. అందుకే కొన్ని పుస్తకాల్లో 722, కొన్నిట్లో 720 కనిపిస్తుంది. సర్గోను తన శాసనంలో 27,290 మందిని చెరపట్టుకెళ్ళానని రాసుకున్నాడు.

ఇదంతా జరుగుతుంటే ఇంట్లో పరిస్థితి ఇంకా ఘోరం. సుమారు 200 ఏళ్ళలో ఉత్తరాన 19 మంది రాజులు. వాళ్ళలో ఏడుగురిని చంపి తర్వాతివాడు గద్దెనెక్కాడు. నాదాబు, ఏలా, యెహోరాము, జెకర్యా, షల్లూము, పెకహ్యా, పెకహు. వీళ్ళు కాక జిమ్రీ ఏడు రోజులు ఏలి, రాజభవనం తగలబెట్టుకుని తనూ అందులోనే చచ్చాడు. చివరి ముప్పై ఏళ్ళలో అయితే ప్రతి కొత్త రాజుకూ ఒక కొత్త విదేశాంగ విధానం. ఒకడు అష్షూరు వైపు, వాణ్ణి చంపినవాడు దమస్కు వైపు, వాణ్ణి చంపినవాడు మళ్ళీ అష్షూరు వైపు.

యూదాలో హత్యలు లేవా అంటే ఉన్నాయి. యోవాషును, అమజ్యాను, ఆమోనును సొంత మనుషులే చంపారు. కానీ ప్రతిసారీ చచ్చినవాడి కొడుకునే కూర్చోబెట్టారు. మధ్యలో అతల్యా రాణి ఏలిన కొద్ది సంవత్సరాలు తప్ప దావీదు వంశం తెగలేదు. ఈ వంశం పేరు కల్పితం కాదనడానికి 1993లో దాను తవ్వకాల్లో దొరికిన అరామిక్ శాసనం ఆధారం. యూదా రాజును 'దావీదు ఇంటి' రాజు అని శత్రువే అందులో రాశాడు. ఆలయం, రాజధాని, రాజవంశం మూడూ ఒకే కొండ మీద ఉండటం యూదాకు పెద్ద బలం. ఉత్తరాన ఆరాధన బేతేలులో, దానులో. రాజధాని షెకెము, పెనూయేలు, తిర్సా, షోమ్రోను అంటూ తిరిగింది.

యూదా రాజులకు ఇంకో అలవాటు ఉంది. పెద్దవాడు గుమ్మంలోకి వస్తే ఖజానా తెరిచేవారు. ఐగుప్తు రాజు షీషకు వస్తే రెహబాము కాలంలో ఆలయ ధనం అతనికే పోయింది. ఐగుప్తులోని కర్నాకు గుడి గోడ మీద ఆ ఫరో చెక్కించిన ఊళ్ళ జాబితాలో మెగిద్దో, బేత్షెయాను ఉన్నాయి. చదవగలిగిన పేర్లలో యెరూషలేము లేదు. హజాయేలు వస్తే యోవాషు ఇచ్చాడు. క్రీ.పూ. 734 ప్రాంతంలో పెకహు, దమస్కు రాజు రెజీను కలిసి యెరూషలేము మీదికి వస్తే ఆహాజు వెండి బంగారాలు పంపి తిగ్లత్పిలేసెరును పిలిపించుకున్నాడు. యెషయా వద్దన్నాడు, ఈయన వినలేదు. ప్రవక్త లెక్క వేరు. రాజకీయంగా మాత్రం ఆ లొంగుబాటు వల్ల యూదా అష్షూరు పరగణా కాకుండా సామంత రాజ్యంగా మిగిలింది. పరువు పోయింది, ప్రాణం దక్కింది.

ఇప్పుడు నేను చెప్పినదానికి నేనే అడ్డు చెబుతాను. కొండలు ఉన్నాయి కాబట్టి యూదా సురక్షితం అనుకుంటే తప్పు. క్రీ.పూ. 705లో సర్గోను యుద్ధంలో చచ్చిపోగానే యూదా రాజు హిజ్కియా తిరగబడ్డాడు. 701లో అష్షూరు కొత్త రాజు సన్హెరీబు దిగాడు. తూర్పు నుంచి రాలేదు, ఉత్తరం నుంచి కొండబాట మీద ముఖ్య సైన్యాన్ని నడపలేదు. తీరం వెంట వచ్చి షెఫేలా లోయల్లోంచి ఒక్కో ఊరూ పట్టుకుంటూ పైకి ఎక్కాడు. యూదా కోట గుమ్మాలు ఆ లోయలే. అయ్యాలోను, సోరేకు, ఏలా, లాకీషు. లాకీషు దగ్గర అష్షూరు వాళ్ళు ప్రాకారం మీదికి రాళ్ళతో పోసిన ముట్టడి దిబ్బ ఇప్పటికీ ఉంది. నేను చూపించే చోట్లన్నిటిలో జనం నోట మాట రాకుండా నిలబడేది అక్కడే. ఆ ముట్టడిని సన్హెరీబు నీనెవెలోని తన రాజభవనం గోడల మీద చెక్కించుకున్నాడు. ఆ పలకలు ఇప్పుడు లండనులోని బ్రిటిషు మ్యూజియంలో ఉన్నాయి.

ఆయన లెక్క ప్రకారం యూదాలో 46 ప్రాకారాలున్న పట్టణాలు పట్టుకున్నాడు, హిజ్కియాను యెరూషలేములో పంజరంలో పిట్టలా బంధించాడు. పట్టుకున్నానని మాత్రం రాయలేదు. అష్షూరు రాజు గొప్పలు చెప్పుకోవడం మానేశాడంటే అక్కడ పని పూర్తి కాలేదనే. బైబిలు యెహోవా దూత ఆ సైన్యాన్ని హతం చేశాడంటుంది. కప్పం కట్టిన సంగతి మాత్రం ఇద్దరూ ఒప్పుకుంటారు. బంగారం 30 టాలెంట్లు అని రెండు చోట్లా ఒకటే లెక్క. వెండి బైబిలులో 300, అష్షూరు శాసనంలో 800.

హిజ్కియా తయారీ కూడా మెచ్చుకోవాలి. ఊరి బయట ఉన్న గిహోను ఊట నీళ్ళను ప్రాకారం లోపలికి తెచ్చే 533 మీటర్ల సొరంగం ఆయన తవ్వించినదే అని ఎక్కువమంది అభిప్రాయం. రెండువైపుల నుంచీ తవ్వుకొచ్చిన కూలీలు మధ్యలో ఒకరి కేక ఒకరు విని కలుసుకున్న వైనం చెప్పే శాసనం 1880లో దొరికింది, అదిప్పుడు ఇస్తాంబులులో ఉంది. సొరంగంలో మోకాళ్ళ దాకా నీళ్ళలో నడవొచ్చు. మా బృందాల్లో సగం మంది చీకటికి భయపడి వెనక్కి వెళ్ళిపోతారు. అదే కాలంలో కట్టిన 7 మీటర్ల మందం గోడ కూడా బయటపడింది. ఉత్తరం నుంచి పారిపోయి వచ్చినవాళ్ళతో యెరూషలేము ఒక్కసారిగా పెరిగిందని, వాళ్ళ ఇళ్ళను లోపలికి చేర్చడానికే ఆ గోడ కట్టారని చాలామంది పండితులు చెబుతారు. ఏలీయా, ఎలీషా, హోషేయ (ఆ పేరుగల ప్రవక్త, రాజు కాదు) లాంటి ఉత్తరాది కథలూ ప్రవచనాలూ యెరూషలేము గ్రంథాల్లోకి ఎలా చేరాయన్నదానికి నాకు నచ్చిన వివరణ కూడా ఇదే. వాటిని వాళ్ళే మోసుకొచ్చి ఉండాలి.

తర్వాతి వందేళ్ళు త్వరగా చెప్పేస్తాను. హిజ్కియా కొడుకు మనష్షే 55 ఏళ్ళు అష్షూరుకు తల వంచి ఏలాడు. బైబిలు అతన్ని అందరికంటే చెడ్డవాడంటుంది, దేశం మాత్రం కోలుకుంది. క్రీ.పూ. 612లో నీనెవె కూలింది. 609లో ఫరో నెకో అష్షూరు మిగులు సైన్యానికి సాయంగా ఉత్తరానికి పోతుంటే యూదా రాజు యోషీయా కొండ దిగి మెగిద్దోకు వెళ్ళాడు, అక్కడే చచ్చిపోయాడు. యూదా రాజు ఆ పెద్ద బాట మీదికి వెళ్తే ఏమవుతుందో దానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు. అప్పట్నుంచి యూదా ఐగుప్తుకూ బబులోనుకూ మధ్య నలిగింది. పక్కకు ఉండే వీలు పోయింది. చివరి రాజులు ఐగుప్తు మాట నమ్మి తిరగబడటం, బబులోను రాజు నెబుకద్నెజరు రావడం. 597లో యెహోయాకీను లొంగిపోయి చెరకు వెళ్ళాడు. 586లో పట్టణం, ఆలయం కాలిపోయాయి. కొందరు 587 అంటారు, సంవత్సరం ఏ నెలతో మొదలుపెట్టి లెక్కిస్తారన్నదాన్ని బట్టి ఆ తేడా.

ఇక పది గోత్రాలు. 2 రాజులు 17:6 వాళ్ళను హాలహు, హాబోరు, గోజాను నది ప్రాంతం, మాదీయుల పట్టణాలలో ఉంచారని చెబుతుంది. ఇవి ఇప్పటి సిరియా, ఇరాకు, ఇరాను నేలలు. షోమ్రోను రథసారథులు కొందరు సర్గోను సైన్యంలో చేరిన సంగతి అష్షూరు పత్రాల్లో ఉంది. చాలామంది అసలు ఊరు కదలలేదు. 27,290 అనేది మొత్తం జనాభాలో కొంత భాగమే. ఇంకొందరు దక్షిణానికి వచ్చారని పైన చెప్పాను. అక్కడే మిగిలినవాళ్ళ వారసులమని చెప్పే సమరయులు ఈనాటికీ గెరిజీము కొండ మీద పస్కా బలి అర్పిస్తారు. వాళ్ళు వెయ్యి మంది లోపే.

అష్షూరు ఖాళీ చేసిన చోటికి బబులోను, కూతా, హమాతు నుంచి జనాన్ని తెచ్చి నింపింది. తీసుకెళ్ళినవాళ్ళను చెదరగొట్టింది. బబులోను అలా చేయలేదు. యూదాలోకి పరాయివాళ్ళను దింపలేదు. చెరపట్టినవాళ్ళను చాలావరకు ఒకేచోట బతకనిచ్చింది. యూదా పేరుతోనే ఒక ఊరు బబులోను దేశంలో ఉండేదని అక్కడి మట్టి పలకలు చెబుతున్నాయి. రాజు యెహోయాకీనుకు నెబుకద్నెజరు ఇచ్చిన నూనె రేషను లెక్కలు కూడా దొరికాయి. పారసీక రాజు కోరెషు 539లో బబులోనును గెలిచాక తిరిగి వెళ్ళడానికి ఒక సమాజం, దానికో నేల ఇంకా మిగిలి ఉన్నాయి. ఉత్తరాది చెరవాళ్ళకు ఆ రెండూ లేకుండా పోయాయి.

ఈ విషయంలో మన దగ్గర కూడా ఒక ముచ్చట ఉంది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిము అనే చిన్న తెలుగు యూదు సమాజం ఉంది. తాము ఎఫ్రాయిము గోత్రం వాళ్ళమన్నది వాళ్ళ నమ్మకం. మణిపూరు, మిజోరాముల్లో మనష్షే గోత్రం అని చెప్పుకునేవాళ్ళూ ఉన్నారు. మీ పిల్లలు అడిగితే గౌరవంగా చెప్పండి. అది వాళ్ళ విశ్వాసం, వాళ్ళ జీవన విధానం. క్రీ.పూ. 8వ శతాబ్దం నుంచి ఇక్కడిదాకా కలిపే రాతపూర్వక ఆధారం ఉందని మాత్రం చెప్పకండి.

తరగతికి పనికొచ్చే మాట ఒకటి. 2 రాజులు 15 నుంచి 20 దాకా చదివించేటప్పుడు బైబిలు వెనక ఉండే మ్యాపు తెరిచి పెట్టించండి. ప్రతి రాజు పేరు వచ్చినప్పుడు ఆ రోజుకు ఉత్తర రాజ్యం ఎంత మిగిలిందో పెన్సిలుతో చెరిపించండి. హోషేయ దగ్గరికి వచ్చేసరికి కాగితం మీద షోమ్రోను చుట్టూ చిన్న వలయం మిగులుతుంది. యెషయా 7వ అధ్యాయం ఆ మధ్యలోనే, పెకహు దగ్గర చదివించండి. విడిగా చదివితే ఆ అధ్యాయంలో రెజీను ఎవరో, ఆహాజు గుండె ఎందుకు అదిరిందో పిల్లలకు పట్టదు.